పాటర్సను పట్టణపు ఆటస్థలము

నేను వృత్తిచే బడిపంతులను. చిన్ననాట మా తాతగారి కడ రఘువంశమును, కళాశాలలో ఆంగ్లసాహిత్యమును చదువుకొంటిని. ఆటలలో నాకు చెప్పుకొనదగిన ప్రావీణ్య మేమియు లేదు. అట్టివాడు అమెరికాదేశపు ఒక చిన్న నగరమునందలి బేస్‌బాల్ క్రీడాంగణమును గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వవచ్చును. నవ్వుడు, కాని తుదివరకు చదువుడు.

ఏ యూరనైనను గుడిలో ఎవరెచ్చట నిలువవలెనో, చెరువున ఎవరే రేవున దిగవలెనో పెద్దలు నిర్ణయింతురు. ఆటస్థలమున ఎవరాడవలెనో పిల్లలే నిర్ణయింతురు. పెద్దల తీర్పులను పిల్లలెంత చక్కగా నేర్చుకొనిరో తెలియవలెనన్నచో ఒక సాయంకాలము అచ్చటికి పోయి గట్టుమీద కూర్చుండి చూడవలెను. గట్టుమీద కూర్చున్నవాని సంగతి నాకు తెలియును. అందుచేత మొదట మా యూరి సంగతి చెప్పి, పిమ్మట సముద్రము దాటెదను.

మా గ్రామము గోదావరి కాలువ ప్రక్కన నున్నది. 1991వ సంవత్సరపు వేసవిలో చెరువెండిపోగా దాని గర్భమున మేము క్రికెట్టు ఆడుచుంటిమి. కొబ్బరిమట్టను చెక్కి బ్యాటు చేసికొంటిమి. నాకప్పుడు పండ్రెండేండ్లు. బంతి మా నాన్నగారు కొనిపెట్టినది గనుక నాయకత్వము నాది. ఊరిచివరి పేటనుండి నా యీడు బాలుడొకడు వచ్చి చెరువుగట్టున కూర్చుండెడివాడు. బంతి గట్టు దాటి తుమ్మచెట్లలో పడినపుడు వెదకి తెచ్చుట వాని పని. అచ్చటినుండి వాడు విసరిన బంతి నేలనంటక నేరుగా వికెట్లకడకు వచ్చెడిది. మాలో ఎవ్వరికిని అట్టి చేయి లేదు. దాహమైనప్పుడు మేము కుండనుండి గ్లాసుతో ముంచుకొని త్రాగెడివారము. వానికి మాలో నొకడు ఎత్తునుండి దోసిట పోసెడివాడు. ఇది తప్పని మాకు తోచలేదు. తప్పని మాకెవ్వరును చెప్పనులేదు.

ఒకనాటి సాయంకాలము వాడు గట్టు దిగి నాకడకు వచ్చి, “ఒక్క ఓవరు నేనేస్తానండి” అనెను. మావాండ్రందరు ఆట నిలిపి నావైపు చూచిరి. కాదనుటకు నాకు నోరు రాలేదు. అవుననుటకు ధైర్యము చాలలేదు. “రేపు” అంటిని. వాడు తలయూచి గట్టెక్కెను. మరునాడును వచ్చెను. నేను వానివైపు చూడకుండ ఆడితిని. మూడవనాడును వచ్చెను. నాలుగవనాటినుండి రాలేదు. అది మొదలు గట్టు దాటిన బంతులను మేమే తెచ్చుకొంటిమి.

ఈ చిన్న సంగతిని ముప్పదియేండ్లు నేనెవ్వరికిని చెప్పలేదు. పాటర్సనులో కూర్చుండి యుండగా అది నాకు జ్ఞప్తికి వచ్చినది.

2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మా తమ్ముడు నన్ను తనయింటికి పిలిపించుకొనెను. అతడు న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణమున కాపురమున్నాడు. ఆ చుట్టుప్రక్కల తెలుగువారు విస్తారముగా నున్నారు; ఆవకాయకును, అష్టావధానములకును, మనలో మనకుండు కక్షలకును అచ్చట కొరత లేదు. మా తమ్ముని కుమారునకు పండ్రెండేండ్లు. వాడు బడిలో బేస్‌బాల్ ఆడును. “పెదనాన్నా, నీకు ఒక పాత స్టేడియం చూపిస్తాను. ఈ నెలే మళ్లీ తెరిచారు” అని వాడు పట్టుపట్టగా ఒక శనివారము అపరాహ్ణమున మా తమ్ముడు మమ్ము కారులో నెక్కించుకొని ఇంచుమించు గంటసేపు ప్రయాణము చేసి పాటర్సను చేర్చెను.

పాటర్సను తొమ్మిది చదరపు మైళ్లకు లోబడిన నగరము. 2020వ సంవత్సరపు గణనలో జనసంఖ్య సుమారు లక్షయరువదివేలు. ఊరినడుమ పస్సాయిక్ నది డెబ్బదియేడడుగుల యెత్తునుండి నల్లరాతిచీలికలోనికి దూకును. ఈ జలపాతమే ఆ యూరికి తల్లి. ఆ నీటిబలముతో యంత్రములు త్రిప్పి దేశమునకు కావలసిన వస్తువులు దేశముననే చేసికొనవలెనని అలెగ్జాండర్ హామిల్టను ప్రభృతులు 1791లో ఒక సంఘమును స్థాపించి ఈ పట్టణమునకు పునాది వేసిరి. పిమ్మట ఇచ్చట నూలుమిల్లులు, రైలింజనుల కార్ఖానాలు, తుదకు పట్టుమిల్లులు వెలసినవి. దీనికి పట్టునగరమని పేరు వచ్చెను. 1913లో ఇరువదివేలకు పైగా పట్టునేత కార్మికులు ఎనిమిదిగంటల పనిదినముకొరకు నెలల తరబడి సమ్మె చేసి, ఆకలికి లొంగి ఓడిపోయిరి. ఊరినిండ ఎఱ్ఱయిటుకల మిల్లుగోడలు ఇప్పటికిని నిలిచియున్నవి.

జలపాతమునకు అనతిదూరమున, ఎత్తయిన నేలపై, హించ్‌లిఫ్ క్రీడాంగణమున్నది. గుఱ్ఱపులాడము ఆకృతిలో కాంక్రీటుమెట్లు వరుసలు వరుసలుగా దిగుచుండును; నడుమ పచ్చని మైదానము. అమెరికాదేశమున ఆర్థికమాంద్యము మిక్కిలి తీవ్రముగా నున్న 1931, 1932 సంవత్సరములలో నగరపాలకులు ప్రజాధనముతో దీనిని కట్టించిరి. అప్పటి నగరాధ్యక్షుడైన జాన్ హించ్‌లిఫ్ పేరు దీనికి పెట్టిరి. 1932 జులైలో ఆటలు ప్రారంభమైనవి. ఆ దినములలో సుమారు పదివేలమంది కూర్చుండుటకు చోటుండెను.

మిల్లులు మూతపడి కూలి దొరకని కాలమున ఆటస్థలము కట్టుట అవివేకమని తోచవచ్చును. నాకును మొదట తోచినది. కాని ఆ యూరివారు దానిని వాడుకొన్న తీరు వినిన పిమ్మట నా యభిప్రాయము మారినది. బేస్‌బాల్ ఒక్కటేకాదు, అమెరికావారి ఫుట్‌బాల్, పరుగుపందెములు, కుస్తీవంటి ముష్టియుద్ధములు, చిన్న కారుల పందెములు ఇచ్చట జరిగినవి. ప్రతి సంవత్సరము నవంబరులో కృతజ్ఞతాదినమున ఊరిలోని రెండు ఉన్నతపాఠశాలలు ఇచ్చట ఫుట్‌బాల్ ఆడెడివి. ఆనాడు ఊరెల్ల రెండు పక్షములయ్యెడిది. బాణసంచాలు ఇచ్చట కాల్చిరి. చదువు ముగించిన బాలబాలికలు ఇచ్చట పట్టములు పుచ్చుకొనిరి. డ్యూక్ ఎల్లింగ్టను వంటి సంగీతవిద్వాంసుడు 1971లో ఇచ్చట కచేరీ చేసెను. మన యూళ్లలో తిరునాళ్లకు, హరికథకు, సంతకు, పంచాయతీకి ఒకే మఱ్ఱిచెట్టు నీడ ఎట్లు పనికివచ్చునో పాటర్సనువారికి ఈ కాంక్రీటుమెట్లు అట్లు పనికివచ్చినవి.

అయినను ఈ స్థలమును చరిత్రలో నిలిపినది బేస్‌బాలే. ఆ యాట తెలియనివారికి ఒక్కమాట. ఒకడు బంతి విసరును; మరొకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును; కొట్టినవాడు వరుసగా మూడు మజిలీలు చుట్టి తాను బయలుదేరిన నాలుగవచోటికి మరల చేరినయెడల జట్టునకొక పరుగు. ఆ నాలుగవచోటును వారు ఇల్లందురు. ఇంటినుండి బయలుదేరి ఇల్లు చేరుటయే ఆటలోని గెలుపు.

ఇంత సామాన్యమైన ఆటలో ఒక వ్రాయని శాసనముండెను. 1884లో వాకర్ సోదరులిద్దరు టొలీడో జట్టున ఆడిన పిమ్మట మహాసంఘముల జట్లలోనికి నల్లజాతివారిని రానీయలేదు. రాగూడదని ఏ పుస్తకముననులేదు. అడిగినవారికి ఎవ్వరును కాదనియు చెప్పలేదు. ఇంకను కాలము రాలేదని, ప్రేక్షకులొప్పరని, తగినవాడు దొరకినప్పుడు చూతమని చెప్పుచు అరువదిమూడేండ్లు గడపిరి. ఈ ధోరణి మనకు క్రొత్తది కాదు. మన యూరి బావికడను ఎవ్వరును శాసనము చెక్కించలేదు గదా!

నల్లజాతివారు ఏమిచేసిరి? తమ జట్లను తామే కట్టుకొనిరి, తమ సంఘములను తామే పెట్టుకొనిరి. కాని జట్టుకట్టుట సులభము, నేల సంపాదించుట దుర్లభము. పెద్ద క్రీడాంగణములు ఇతరులవి; అద్దె వారు చెప్పినంత, దినము వారిచ్చినది. అట్టి స్థితిలో న్యూయార్క్ బ్లాక్ యాంకీస్ అను జట్టునకు 1933 మొదలు 1945 వరకు, ఒకటిరెండేండ్లు తప్ప, పాటర్సను నగరపు ఈ ఆటస్థలమే స్వస్థానమయ్యెను. నర్తకుడుగా ప్రసిద్ధుడైన బిల్ రాబిన్సను ఆ జట్టును స్థాపించినవారిలో నొకడు. న్యూయార్క్ క్యూబన్స్ అను మరియొక జట్టును కొంతకాలమిచ్చట ఆడెను. 1933లో నల్లజాతివారి జాతీయవిజేతలను నిర్ణయించు పోటీ ఇచ్చట జరిగినది. జాష్ గిబ్సను, ఆస్కార్ చార్ల్‌స్టను, మాంటీ ఇర్విను వంటి మహాక్రీడాకారులు ఈ నేలపై ఆడిరి. పాటర్సను నగరము దీనిని పుణ్యమునకై చేసినదని నేననను. ఖాళీగానున్న మెట్లు నిండవలెను, టిక్కెట్లు అమ్ముడుపోవలెను. ఐనను కారణమేదైననేమి? తలుపు తెరచియుండెను, లోపలికి వచ్చినవారు తమ విద్యను చూపిరి, చూచినవారు దానిని మరువలేదు.

1932 అను సంఖ్యను ఆ క్రీడాంగణపు చరిత్రలో చదివినప్పుడు నా మనస్సు మనదేశమునకు పరువెత్తినది. ఆ సంవత్సరము జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్స్ మైదానమున భారతదేశము మొదటి టెస్టు ఆట ఆడెను. నాయకుడు మన తెలుగువాడగు సి.కె. నాయుడు. చిన్ననాటినుండి ఆ మాట తలచి గర్వించుచుంటిని. కాని నాయుడుగారికి పూర్వము మనదేశమున అంతటి కీర్తి నార్జించిన బౌలరు పల్వంకర్ బాలూ. అతడు అస్పృశ్యకులమున పుట్టినవాడు. పూనాలో అతని బంతికి హిందూజట్టు గెలిచెడిది. ఫలాహారవేళ మాత్రము అతనికి మండపమునకు వెలుపల మట్టిముంతలో టీ పోసెడివారు. 1911లో ఇంగ్లండు పోయి అన్ని ఆటలలోను కలిపి 114 వికెట్లు పడగొట్టెను. ఐనను హిందూజట్టునకు అతనిని నాయకునిగా చేయలేదు. అతని తమ్ముడు విఠల్ 1923లో ఆ పదవి పొందెను. హించ్‌లిఫ్ తెరచిన సంవత్సరముననే, 1932 సెప్టెంబరు 24న, పూనా ఒడంబడికపై చేవ్రాలు చేసినవారిలో ఈ బాలూ ఒకడు. సముద్రమున కీవల మన మండపమునకు వెలుపల పోసిన టీయును, ఆవల పుస్తకమున వ్రాయని శాసనమును ఒక్క చేతి పనులే.

ఇక లారీ డోబీ సంగతి. ఇతడు దక్షిణ కారొలైనాలో 1923లో పుట్టి, బాల్యమున పాటర్సనునకు వచ్చి, ఈస్ట్‌సైడ్ ఉన్నతపాఠశాలలో చదివెను. బేస్‌బాల్, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు, అన్నిటియందును మేటి. ఈ హించ్‌లిఫ్ నేలపైననే బడిపిల్లవాడుగా ఆడెను. 1942లో నూయార్క్ నగరపు ఈగిల్స్ జట్టువారు ఇతనిని పరీక్షించి చేర్చుకొన్నదియు నిచ్చటనే. ఈ నూయార్క్ న్యూజెర్సీలోనిది, న్యూయార్క్ మహానగరము కాదు. 1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సను బ్రూక్లిన్ జట్టున చేరి మహాసంఘములలోని అడ్డును తొలగించెను. అదే సంవత్సరము జులై 5న డోబీ క్లీవ్‌లాండు జట్టున చేరి, అమెరికన్ లీగు అను రెండవ మహాసంఘమున ఆడిన మొదటి నల్లజాతివాడయ్యెను. మన స్వాతంత్ర్యమునకు నలువదియొక్క దినములు ముందు. మొదటిదినమున జట్టులోని కొందరు అతనికి చేయి కలుపలేదు. మరుసటి యేట క్లీవ్‌లాండు జగజ్జేతలైనపుడు నాలుగవ యాటలో డోబీ కొట్టిన దెబ్బయే గెలుపు తెచ్చినది. తెల్లజాతివాడగు స్టీవ్ గ్రోమెక్ అతనిని చెక్కిలికి చెక్కిలి చేర్చి కౌగిలించుకొన్న ఛాయాచిత్రము దేశమెల్ల ప్రచురితమయ్యెను.

ఈ సంగతులన్నియు మా తమ్ముని కుమారుడు నాకు మెట్లపై కూర్చుండబెట్టి చెప్పెను. బడిలో డోబీని గూర్చి వ్యాసము వ్రాసినాడట. ఆ వ్యాసములోని ఒక వృత్తాంతము వాడు మాటవరుసకు చెప్పెను గాని నా గుండెలో ముల్లువలె నాటుకొనినది. డోబీ చదువుచుండగా ఈస్ట్‌సైడ్ ఫుట్‌బాల్ జట్టు రాష్ట్రమున ప్రథమస్థానము గెలిచెను. ఫ్లారిడాకు వచ్చి ఒక ఆట ఆడుడని వారికి ఆహ్వానము వచ్చెను. చలికాలమున ఆ యెండదేశమునకు రైలుప్రయాణము. మిల్లుకూలీల బిడ్డలకు జన్మకొక్కమారు దొరకు భాగ్యము. కాని జట్టులోని ఏకైక నల్లబాలుడగు డోబీ ఆడగూడదని అచ్చటివారు నిబంధన పెట్టిరి. పిల్లలందరు కూడి ఓటువేసికొనిరి. పోము అనిరి. ఎవ్వరును పోలేదు.

“నువ్వయితే ఏం చేసేవాడివి, పెదనాన్నా?” అని వాడడిగెను.

వాడడిగినది ఉపాధ్యాయుని నోట మంచిమాట వినుటకే. నా నోట మాట రాలేదు. ఆ పిల్లలకు పదునేడేండ్లుండును. వారికి రఘువంశము తెలియదు. తాతగారు శాంతిపర్వము చదివి వినిపించి యుండరు. జన్మకొక్కమారు దొరకు ప్రయాణమును వారు వదలుకొనిరి. నేను వదలుకొనవలసినది ఒక్క ఓవరు; ఆరు బంతులు. అదియు నాకు చేతకాలేదు. అప్పుడు నేనా సంగతిని మొదటిమారు ఒకరికి చెప్పితిని, పండ్రెండేండ్ల పిల్లవానికి. వాడంతయు విని, “తర్వాత ఆ అబ్బాయి ఏమయ్యాడు?” అనెను. నాకు తెలియదంటిని. “మీ ఊరే కదా!” అని వాడు ఆశ్చర్యపడెను.

చీకటిపడుచుండగా దీపములు వెలిగించిరి. జాకల్స్ అను జట్టు ఆ సంవత్సరమే ఇచ్చటికి వచ్చి ఆడనారంభించినది. మెట్లపై నల్లవారు, తెల్లవారు, స్పానిషు మాటలాడువారు, అరబ్బీ మాటలాడువారు కలసి కూర్చుండిరి. మా ముందువరుసలో ఒక ముదుసలి నల్లజాతి స్త్రీ మనుమనికి వేలు చూపి, తాను పట్టము పుచ్చుకొన్న చోటు అదియని చెప్పుచుండెను. ఆట నాకు సగమే తెలిసినది. ఆ యమ్మ చెప్పినది పూర్తిగా తెలిసినది.

ఈ స్థలము ఎల్లకాలమును ఇట్లు వెలుగుచుండలేదు. 1963లో ఇది నగరపు పాఠశాలల మండలికి సంక్రమించెను. మిల్లులు పోయినవి, పన్నులు తగ్గినవి, మరమ్మతులు వాయిదాపడినవి. కాంక్రీటు బీటలువారెను. 1997లో తలుపులకు తాళమువేసిరి. మెట్లనడుమ చెట్లు మొలచినవి. గోడలపై వచ్చినవారెల్ల రంగులు పూసిరి. ఇరువదియారేండ్లు ఊరి పిల్లలు తమ యూరి ఆటస్థలమును కంచెవెలుపలనుండి చూచుచు పెరిగిరి. కూలద్రోయుట సులభమని కొందరనిరి. పట్టణవాసులు కొందరు సంఘముగా నేర్పడి, కూల్పవద్దని ఏండ్లతరబడి తిరిగిరి, వ్రాసిరి, అడిగిరి. దాని ఫలముగా 2004లో చారిత్రకస్థలముల పట్టికలో ఇది చేరినది. 2013లో జాతీయచారిత్రకచిహ్నముగా ప్రకటింపబడినది. 2014లో జలపాతపు జాతీయోద్యానమున కలుపబడినది. 2021లో పనులారంభమై 2023 మే 19న తలుపులు తెరచిరి. ప్రక్కనే వృద్ధులకొరకు తక్కువయద్దెకు డెబ్బదియైదు ఇండ్లు కట్టిరి. అన్నిటికిని కలిపి పదికోట్ల డాలర్లకు పైబడి వ్యయమైనదట. ఎప్పటికప్పుడు బీటలు పూడ్చియుండినచో ఇందులో ఎన్నవవంతు పట్టెడిదో గణితోపాధ్యాయులు లెక్కింపవలెను. నేను లెక్కించినది వేరు. 1997లో ఆరేండ్ల వయస్సున్న ఆ యూరి బిడ్డకు తలుపులు తెరచునాటికి ముప్పదిరెండేండ్లు. ఆ బిడ్డ బాల్యము ఏ కోట్లతోను తిరిగి కట్టబడదు.

ఊరికి మరలినవెంటనే ఆ గట్టుమీది బాలుని వెదకవలెనని నిశ్చయించుకొంటిని. బడులు తెరచిరి. పాఠములు, పరీక్షలు, దసరా, సంక్రాంతి. పోవుదము, పోవుదము అనుకొంటిని. చదువరులారా, నా దుర్బలత్వమును దాచను. ఒక సంవత్సరము గడచెను.

2024 మే నెలాఖరున వార్తాపత్రికలో ఒక చిన్న వార్త చూచితిని. నల్లజాతివారి పూర్వసంఘములలోని ఆటల లెక్కలను మహాసంఘముల లెక్కలలో కలిపిరట. దానితో జాష్ గిబ్సను వేయింట 372 వంతున కొట్టినవాడై, అంతవరకు ప్రథముడుగా నున్న టై కాబును, 367ను, దాటి ఆ యాట చరిత్రలోనే అగ్రగణ్యుడయ్యెను. ఈ గిబ్సను హించ్‌లిఫ్ నేలపై ఆడినవాడని పైని చెప్పితిని. మహాసంఘమున ఒక్కదినమైన ఆడుటకు అతనికి ప్రాప్తి లేకపోయెను. 1947 జనవరి 20న, ముప్పదియైదేండ్ల వయస్సున అతడు మరణించెను. రాబిన్సను మైదానమున అడుగుపెట్టినది ఆ ఏప్రిల్ 15న. మూడునెలలు చాలలేదు. తగినకాలము వచ్చినప్పుడు చూతమని చెప్పినవారు, ఆ కాలము వచ్చువరకు ఆ మనుష్యుడు బ్రతికియుండవలెనని ఆలోచింపలేదు. చనిపోయిన డెబ్బదియేడేండ్లకు పుస్తకములో పేరు సవరించిరి. సవరించుట మంచిదే. నేను పత్రిక మడిచి లేచితిని.

ఆ సంవత్సరము ఎన్నికలు. జూన్ 4న ఓట్ల లెక్కింపు పనినుండి నన్ను విడిచిరి. మరునాడుదయము మా యూరికి పోయితిని. విచారింపగా అతడు ఎచ్చటికిని పోలేదనియు, తాపీమేస్త్రి యనియు, మా వీధిలోని రెండు మేడలు అతడు కట్టినవే యనియు తెలిసెను. ఈ మేడలలో పెండ్లివిందులకు నేను పోయియుంటిని.

అతడు తన యింటి అరుగుమీద పనిముట్లు కడుగుకొనుచుండెను. నన్ను చూచి లేచి, “రండి పంతులుగారూ” అని మంచము వాల్చెను. నేను కూర్చుండి, నీళ్లడిగి గ్లాసుతో త్రాగి, “చెరువులో క్రికెట్టు గుర్తుందా మీకు?” అంటిని.

“గుర్తులేకపోవటమేంటండి. మూడు రోజులొచ్చానండి” అనెను.

అతని కంఠమున కోపము లేదు. నేను క్షమాపణ చెప్పితిని. అందులకతడేమియు ననలేదు; పనిముట్టు తుడిచి ప్రక్కన పెట్టెను. క్షమింపుమని అడుగుట నా పని. క్షమించుట క్షమింపకుండుట అతని యిష్టము. కొంతసేపటికి పాటర్సను సంగతి చెప్పితిని. అంతయు శ్రద్ధగా విని అతడడిగిన మొదటి ప్రశ్న గోడలను గూర్చియే. “ఇరవయ్యారేళ్లు వదిలేసినా నిలబడ్డాయంటే కాంక్రీటు బాగా వేశారండి. అది కట్టిన మేస్త్రిల పేర్లు ఎక్కడన్నా రాశారాండి?” నేను చూడలేదంటిని. నగరాధ్యక్షుని పేరు చదివితిని గాని మేస్త్రిల పేర్లు వెదకవలెనని నాకు తోచనేలేదు.

లోపలినుండి పదునాలుగేండ్ల బాలిక టీ తెచ్చెను. అతని కూతురు. “తొమ్మిదో తరగతికొచ్చిందండి. బంతి విసిరితే నా చెయ్యేనండి. వాళ్ల బళ్లో సాయంత్రం పూట గ్రౌండు మగపిల్లలకేనంట. అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారంట” అని చెప్పి నావైపు చూచెను.

ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నాకు చిరకాలముగా పరిచితుడు. రెండు మైళ్ల దూరమున కాపురము. బడులు తెరచుటకింకను వారము దినములున్నవి. ఫోనులో మాటలాడవచ్చును, తెరచిన పిమ్మట చూడవచ్చును అని నా మనస్సు తన అలవాటుచొప్పున చెప్పుచుండెను. “రేపు మాట్లాడతాను” అను వాక్యములోని మొదటిమాట నా నాలుకమీదికి వచ్చినది. నేను టీగ్లాసు క్రిందపెట్టి, “ఇప్పుడే వెళ్దాం పదండి. అమ్మాయిని కూడా రమ్మనండి” అంటిని.

అతని మోటారుసైకిలుమీద ముగ్గురము బయలుదేరితిమి. అతడు నడుపుచుండెను; నడుమ అమ్మాయి, వెనుక నేను. చెరువుగట్టు మీదుగానే దారి. ఇప్పుడు చెరువునిండ నీరున్నది, చేపలు పెంచుచున్నారు. తుమ్మచెట్లు అట్లే యున్నవి. అతడు బండి ఆపలేదు.